యూనిట్ – 14 : పక్షవాతం (స్ట్రోక్) – గుర్తింపు, చికిత్స, నివారణ

విషయక్రమం

14.0 లక్ష్యాలు
14.1 ప్రస్తావన
14.2 మెదడులో ఏం జరుగుతుంది?
  14.2.1 పూడిక, రక్తస్రావం
  14.2.2 చనిపోయిన భాగం, కాపాడుకోగల భాగం
14.3 వ్యాధి గుర్తింపు
  14.3.1 ఇంటివద్ద గుర్తించడం
  14.3.2 సమయాన్ని లెక్కించడం
  14.3.3 ఆసుపత్రిలో నిర్ధారణ
14.4 చికిత్స
  14.4.1 గడ్డను కరిగించడం
  14.4.2 గడ్డను బయటకు తీయడం
  14.4.3 రక్తస్రావానికి చికిత్స
  14.4.4 వార్డు సంరక్షణ, పునరావాసం
14.5 నివారణ
14.6 సారాంశం
14.7 ముఖ్య పదాలు
14.8 'మీ ప్రగతిని సమీక్షించుకోండి' – సమాధానాలు
14.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను పూర్తి చేసిన తరువాత మీరు:

• పక్షవాతం కాలుచేతుల జబ్బు కాదనీ, మెదడు రక్తనాళాల జబ్బనీ వివరించగలరు.
• పూడిక వల్ల వచ్చే స్ట్రోక్‌కూ, రక్తస్రావం వల్ల వచ్చే స్ట్రోక్‌కూ గల తేడాను చెప్పగలరు.
• లక్షణాలను ఇంటివద్దే గుర్తించి, వ్యాధి మొదలైన సమయాన్ని సరిగా లెక్కించగలరు.
• ప్రధాన చికిత్సలను, వాటి కాలపరిమితులను వివరించగలరు.
• నివారణ మార్గాలను కారణాలతో సహా చెప్పగలరు.

14.1 ప్రస్తావన

మన పల్లెల్లో ఈ జబ్బును 'కాలూ చేయీ పడిపోయింది' అంటారు. పుస్తకాల్లో పక్షవాతం అని రాస్తాం. పక్షం అంటే శరీరంలో ఒక పార్శ్వం. వాతం అంటే ఆయుర్వేదం చెప్పిన మూడు దోషాలలో ఒకటి. అంటే ఈ పేరు జబ్బును శరీరపు పక్కభాగంలో ఉంచింది. అందువల్ల చూపంతా పడిపోయిన చేతిమీదకే పోతుంది. ఆ చేతికి నూనె మర్దన చేస్తారు, పసరు పోస్తారు, కొన్నిచోట్ల పావురం రక్తం పూస్తారు. నిజానికి ఆ చేతిలో ఏ లోపమూ లేదు. దానికి ఆజ్ఞ ఇచ్చే మెదడు భాగానికి రక్తం అందడం లేదు. చేతికి మర్దన జరుగుతున్న గంటలోనే అక్కడ మెదడు కణాలు చనిపోతూ ఉంటాయి.

పసరు వైద్యంతో నయమైన వారిని మేం కళ్ళారా చూశాం అని మీలో కొందరు అనవచ్చు. ఆ మాటను కొట్టిపారేయనక్కరలేదు, కారణం తెలుసుకొంటే చాలు. రెండు స్థితులు పక్షవాతంలాగే కనిపించి తమంతట తాము తగ్గుతాయి. మొదటిది తాత్కాలిక స్ట్రోక్. పూడుకున్న రక్తనాళం మళ్ళీ దానంతట అదే తెరుచుకోవడం వల్ల నిమిషాల్లోనో, గంటల్లోనో లక్షణాలు పోతాయి. రెండవది ముఖ నాడి వాపు వల్ల మూతి వంకరపోయే బెల్స్ పాల్సీ. ఇది మెదడు జబ్బు కాదు. ఎక్కువ మందిలో కొన్ని వారాలకో, నెలలకో తగ్గిపోతుంది. ఈ రెండింటిలో ఏ మందు వాడినా ఆ మందుకే పేరు వస్తుంది. అసలైన స్ట్రోక్ వచ్చినవాడు మాత్రం ఆ పేరును నమ్మి విలువైన గంటలు పోగొట్టుకొంటాడు.

ఈ యూనిట్‌లో మీరు గుర్తుంచుకోవలసిన ప్రధాన విషయం ఇది: పక్షవాతానికి చికిత్స ఉంది, కాని ఆ చికిత్సకు గడువు ఉంది. ఆ గడువు డాక్టరు చూసినప్పుడు కాదు, లక్షణాలు మొదలైనప్పుడే మొదలవుతుంది. కాబట్టి చికిత్సలో మొదటి నిర్ణయం తీసుకొనేది డాక్టరు కాదు, పక్కనున్న మనిషి. దూరవిద్య ద్వారా చదువుతున్న మీలో చాలామంది ఉద్యోగమో, వ్యవసాయమో చేసుకొంటూ పెద్దవాళ్ళతో కలిసి ఉంటున్నవారే. ఆ పక్కనున్న మనిషి రేపు మీరే కావచ్చు.

14.2 మెదడులో ఏం జరుగుతుంది?

మెదడు బరువు శరీర బరువులో సుమారు 2 శాతం మాత్రమే. అయినా శరీరం వాడుకొనే ప్రాణవాయువులో దాదాపు 20 శాతం దానికే కావాలి. కండరంలాగా అది ఇంధనాన్ని నిల్వ చేసుకోలేదు. రక్తం వస్తుంటేనే పని, ఆగితే పని ఆగుతుంది. మెడ ముందుభాగంలో ఇరువైపులా పోయే రెండు కెరోటిడ్ ధమనులు, వెన్నెముక వెంట పైకి వచ్చే రెండు వర్టిబ్రల్ ధమనులు, మొత్తం నాలుగు మార్గాల్లో మెదడుకు రక్తం చేరుతుంది.

మెదడు ఎడమభాగం శరీరపు కుడిపక్కను, కుడిభాగం ఎడమపక్కను నడిపిస్తాయి. చాలామందిలో మాటకు సంబంధించిన కేంద్రాలు ఎడమభాగంలో ఉంటాయి. అందుకే కుడిచేయి పడిపోయిన రోగికి తరచుగా మాట కూడా పోతుంది.

14.2.1 పూడిక, రక్తస్రావం

స్ట్రోక్ ముఖ్యంగా రెండు రకాలు.

(అ) పూడిక వల్ల వచ్చేది – ఇస్కీమిక్ స్ట్రోక్: రక్తనాళం మూసుకుపోయి ఆ నాళం తడిపే భాగం ఎండిపోతుంది. కాలువకు పూడిక పడితే చివరి మడికి నీరందనట్లే ఇది. మొత్తం స్ట్రోక్‌లలో ఎక్కువ భాగం ఈ రకానివే. నాళం గోడలో కొవ్వు పేరుకొని అక్కడే గడ్డ కట్టవచ్చు. గుండెలో ఏర్పడిన గడ్డ రక్తంతో కొట్టుకువచ్చి మెదడు నాళంలో ఇరుక్కోవచ్చు. ఏళ్ళ తరబడి ఉన్న రక్తపోటు, మధుమేహం వల్ల మెదడు లోపలి సన్నని నాళాలు మూసుకుపోవచ్చు.

(ఆ) రక్తస్రావం వల్ల వచ్చేది – హెమరేజిక్ స్ట్రోక్: నాళం చిట్లి రక్తం మెదడులోకి చేరుతుంది. అదుపులో లేని రక్తపోటు దీనికి ప్రధాన కారణం. నాళం గోడ బుడగలా ఉబ్బి పగిలితే మెదడు పైపొరల మధ్య రక్తం చేరుతుంది. దీనిలో జీవితంలో ఎన్నడూ ఎరగనంత తీవ్రమైన తలనొప్పి ఒక్కసారిగా వస్తుంది.

ఈ రెండింటికీ పైకి కనిపించే లక్షణాలు దాదాపు ఒకటే. కాని చికిత్సలు పరస్పర విరుద్ధం. మొదటిదానిలో గడ్డను కరిగించాలి, రెండవదానిలో రక్తం గడ్డకట్టి కారడం ఆగాలి. మొదటిదానికి ఇచ్చే మందు రెండవదానిలో ప్రాణాంతకం. ఈ ఒక్క వాక్యం అర్థమైతే తరువాత చెప్పబోయే నిర్ధారణ పద్ధతి అంతా అర్థమవుతుంది.

వీటితోపాటు మన దేశంలో గుర్తుంచుకోవలసిన మరొక రకం ఉంది. మెదడునుంచి చెడురక్తాన్ని వెనక్కి తెచ్చే సిరల్లో గడ్డ కట్టడం. కాన్పు తరువాతి వారాల్లో ఈ ప్రమాదం ఎక్కువ. ఒంట్లో నీరు తగ్గితే మరింత పెరుగుతుంది. బాలింతకు మంచినీళ్ళు తక్కువగా ఇవ్వాలనే పథ్యం కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది. అది మంచిది కాదు. బాలింతకు తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, కాలోచేయో బలహీనపడడం కనిపిస్తే 'పచ్చి ఒళ్ళు, గాలి సోకింది' అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

14.2.2 చనిపోయిన భాగం, కాపాడుకోగల భాగం

మామూలుగా 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. ఇది 20కి తగ్గితే కణాలు పనిచేయడం మానేస్తాయి, కాని బతికే ఉంటాయి. 10కి తగ్గితే నిమిషాల్లో చనిపోతాయి. నాళం మూసుకుపోయినప్పుడు నడుమభాగంలో ప్రవాహం 10కి దిగువన ఉంటుంది. దాని చుట్టూ ఉన్న భాగానికి ఇరుగుపొరుగు నాళాలనుంచి కొద్దిగా రక్తం వస్తుంటుంది కాబట్టి అది 10కీ 20కీ మధ్య కొట్టుమిట్టాడుతుంది. ఈ చుట్టుభాగాన్ని పెనంబ్రా అంటారు.

రోగి చేయి పూర్తిగా పడిపోయినట్లు కనిపించినా అందుకు కారణమైన మెదడు భాగమంతా చనిపోలేదు. కొంత చనిపోయింది, కొంత మూగబోయింది. రక్తం తిరిగి అందితే మూగబోయిన భాగం మళ్ళీ పనిచేస్తుంది. ఆలస్యమైతే అదీ చనిపోతుంది. పెద్ద నాళం పూడుకున్న స్ట్రోక్‌లో చికిత్స లేకుండా గడిచే ప్రతి నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో జెఫ్రీ సేవర్ అనే అమెరికన్ నాడీవైద్యుడు లెక్కగట్టాడు. చికిత్స లక్ష్యం చనిపోయినదాన్ని బతికించడం కాదు, మూగబోయినదాన్ని కాపాడుకోవడం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – I
సూచన: మీ సమాధానాలను యూనిట్ చివర ఇచ్చిన సమాధానాలతో సరిచూసుకోండి.
1. పెనంబ్రా అంటే ఏమిటి?
2. కుడిచేయి పడిపోయిన రోగికి మాట కూడా పోవడానికి కారణం ఏమిటి?

14.3 వ్యాధి గుర్తింపు

14.3.1 ఇంటివద్ద గుర్తించడం

స్ట్రోక్‌కు గల ముఖ్య గుర్తు హఠాత్తుగా రావడం. నెలల తరబడి మెల్లగా పెరిగే బలహీనత సాధారణంగా స్ట్రోక్ కాదు. అనుమానం కలిగితే మూడు పరీక్షలు చేయాలి. వీటికి పరికరాలు అక్కరలేదు, ఒక నిమిషం చాలు.

• మూతి: పళ్ళు కనిపించేలా నవ్వమనండి. ఒకవైపు జారిపోయిందా?
• చేయి: కళ్ళు మూసుకొని రెండు చేతులూ ముందుకు చాచి పది సెకన్లు ఉంచమనండి. ఒకటి కిందికి దిగిపోతోందా?
• మాట: ఒక చిన్న వాక్యం చెప్పించండి. మాట ముద్దగా వస్తోందా? ఒకటి అడిగితే మరొకటి చెబుతున్నారా?

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా స్ట్రోక్ అనే భావించి నాలుగవ అంశమైన సమయాన్ని రాసుకోవాలి. వీటికి తోడు హఠాత్తుగా చూపు పోవడం, వస్తువులు రెండుగా కనిపించడం, నిలబడలేనంత తూలు రావడం కూడా స్ట్రోక్ లక్షణాలే. స్ట్రోక్‌లో చాలాసార్లు నొప్పి ఉండదు. గుండెపోటు వచ్చినవాడు ఛాతీ పట్టుకొని ఆసుపత్రికి పరుగెత్తుతాడు. చేయి తిమ్మిరెక్కినవాడు 'కాసేపు పడుకొంటే పోతుంది' అనుకొంటాడు. ఆలస్యానికి ఇది ఒక పెద్ద కారణం.

ఇంటివద్ద చేయకూడని పనులు:

• నోటిద్వారా నీళ్ళు, కాఫీ, మందులు ఇవ్వకూడదు. మింగే శక్తి తగ్గి ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.
• ఆస్పిరిన్ ఇవ్వకూడదు. గుండెపోటుకు ఇచ్చే మందు కదా అని చాలామంది ఇస్తారు. లోపల రక్తస్రావం ఉంటే అది ప్రమాదం. ఏ రకమో స్కాన్ చూస్తేగాని తెలియదు.
• బి.పి. ఎక్కువగా ఉందని వెంటనే తగ్గించే బిళ్ళ వేయకూడదు. పూడిక ఉన్నప్పుడు పెనంబ్రాకు కాస్తో కూస్తో రక్తాన్ని నెడుతున్నది ఆ పెరిగిన బి.పి.యే.

చేయవలసిన పనులు: 2005లో హైదరాబాదులో మొదలై ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తున్న 108 అంబులెన్సుకు ఫోన్ చేసి 'పక్షవాతం లక్షణాలు' అని స్పష్టంగా చెప్పాలి. మత్తుగా ఉన్నా, వాంతులవుతున్నా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వాడుతున్న మందుల చీటీలన్నీ, ముఖ్యంగా రక్తం పలచబడే మందుల చీటీలు, వెంట తీసుకువెళ్ళాలి. సి.టి. స్కాన్ రాత్రీపగలూ పనిచేసే ఆసుపత్రికే నేరుగా పోవాలి. స్కాన్ లేని చోట సెలైను ఎక్కించుకొని గంట గడపడం వల్ల ఒరిగేదేమీ లేదు.

14.3.2 సమయాన్ని లెక్కించడం

ఆసుపత్రిలో మొదట అడిగే ప్రశ్న 'ఎప్పుడు మొదలైంది?' దీనికి ఇచ్చే జవాబు మీదే చికిత్స ఆధారపడుతుంది. నియమం ఇది: లక్షణాలను ఎప్పుడు చూశాం అన్నది కాదు, రోగి చివరిసారి మామూలుగా ఎప్పుడున్నాడు అన్నదే లెక్క. కింది ఊహాజనిత ఉదాహరణను గమనించండి.

ఒక రైతు రాత్రి 9.30కి పడుకొన్నాడు. ఉదయం 5.30కి లేవబోతే ఎడమకాలు, ఎడమచేయి కదలలేదు. 7.15కి జిల్లా ఆసుపత్రికి చేరారు. ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగితే కొడుకు 'పొద్దున్నే ఐదున్నరకు' అన్నాడు. ఇది తప్పు లెక్క. నిద్రలో ఎప్పుడు వచ్చిందో తెలియదు కాబట్టి రాత్రి 9.30నుంచే లెక్కించాలి. అంటే అప్పటికే 9 గంటల 45 నిమిషాలు గడిచాయి. తరువాత చెప్పబోయే నాలుగున్నర గంటల గడువు దాటిపోయింది.

డాక్టరు భార్యను అడిగాడు: 'రాత్రి మధ్యలో లేచాడా అమ్మా?' ఆమె చెప్పింది: 'నాలుగింటికి కరెంటు వచ్చిందని లేచి, పొలం వెళ్ళి మోటారు వేసి వచ్చి మళ్ళీ పడుకొన్నాడండీ. నాతో బాగానే మాట్లాడాడు.' ఇప్పుడు లెక్క 4 గంటలనుంచి మొదలవుతుంది. గడిచింది 3 గంటల 15 నిమిషాలే. గడువు 8.30 వరకు ఉంది. స్కాన్ తీసి మందు మొదలుపెట్టడానికి ఇంకా 75 నిమిషాలున్నాయి. ఒక్క ప్రశ్నకు దొరికిన జవాబుతో రోగికి చికిత్స దక్కింది.

14.3.3 ఆసుపత్రిలో నిర్ధారణ

ముందుగా వేలి రక్తంతో చక్కెర పరీక్ష చేస్తారు. రక్తంలో చక్కెర బాగా పడిపోయినా ఒకపక్క బలహీనత, మాట తడబాటు రావచ్చు. అది గ్లూకోజుతో నిమిషాల్లో సరిపోతుంది. ఫిట్స్ తరువాత కొంతసేపు ఉండే బలహీనత, పైన చెప్పిన బెల్స్ పాల్సీ కూడా స్ట్రోక్‌ను పోలి ఉంటాయి. బెల్స్ పాల్సీలో నుదురు కూడా ముడతపడదు, కన్ను పూర్తిగా మూతపడదు, కాలుచేతులు బాగానే ఉంటాయి. స్ట్రోక్‌లో సాధారణంగా నుదురు ముడతపడుతుంది, మూతి మాత్రమే జారుతుంది. ఇంట్లో ఈ తేడా తేల్చే ప్రయత్నం చేయవద్దు, ఆ పని డాక్టరుది.

స్ట్రోక్ తీవ్రతను 0 నుంచి 42 వరకు అంకెలున్న ఎన్.ఐ.హెచ్. కొలమానంతో కొలుస్తారు. అంకె పెరిగేకొద్దీ తీవ్రత ఎక్కువ.

నిర్ణాయకమైన పరీక్ష సి.టి. స్కాన్. దీన్ని రూపొందించిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ 1971లో లండన్‌లో తొలిసారి ఒక రోగి మెదడు చిత్రాన్ని తీయించాడు. 1979లో అలన్ కార్మాక్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకొన్నాడు. అంతకు ముందు బతికున్న మనిషి మెదడులో పూడికా, రక్తస్రావమా అన్నది సులభంగా తేల్చే మార్గం లేదు. సి.టి.లో తాజా రక్తం తెల్లగా వెంటనే కనిపిస్తుంది. పూడిక వల్ల జరిగిన నష్టం మాత్రం మొదటి గంటల్లో కనిపించకపోవచ్చు. కాబట్టి 'స్కాన్ నార్మల్ వచ్చింది, ఇంటికి పోదాం' అనుకోవడం పెద్ద పొరపాటు. లక్షణాలు ఉండి స్కాన్ మామూలుగా ఉంటే 'రక్తస్రావం లేదు, పూడిక కావచ్చు, గడ్డ కరిగించే మందు గురించి ఆలోచించవచ్చు' అని అర్థం. మెడ, మెదడు నాళాల్లో ఏది మూసుకుపోయిందో చూడడానికి రంగుమందు ఎక్కించి సి.టి. యాంజియోగ్రామ్ తీస్తారు. తొలి గంటల నష్టాన్ని ఎం.ఆర్.ఐ. బాగా చూపిస్తుంది. కారణం తెలుసుకోవడానికి ఇ.సి.జి., గుండె స్కాన్, రక్తపరీక్షలు తరువాత చేస్తారు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – II
3. స్ట్రోక్ అనుమానం ఉన్నప్పుడు ఇంట్లో ఆస్పిరిన్ ఎందుకు ఇవ్వకూడదు?
4. ఒక స్త్రీ మధ్యాహ్నం 1.00కి ఫోన్‌లో కూతురితో మామూలుగా మాట్లాడింది. 2.30కి పక్కింటివారు వచ్చేసరికి మాట పడిపోయి ఉంది. గడ్డ కరిగించే మందుకు గడువు ఎన్ని గంటలవరకు ఉంటుంది?

14.4 చికిత్స

14.4.1 గడ్డను కరిగించడం

ఆల్టిప్లేస్ అనే మందును నరం ద్వారా ఇస్తే నాళంలోని గడ్డ కరుగుతుంది. మోతాదు కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 90 మిల్లీగ్రాములు. పదో వంతు ఒక్కసారిగా, మిగిలింది గంటసేపు ఇస్తారు. 1995లో అమెరికాలో 624 మంది రోగులపై జరిగిన పరిశోధన దీని ప్రయోజనాన్ని నిరూపించింది. మూడు గంటల్లోపు మందు అందుకొన్నవారు మూడు నెలల తరువాత వైకల్యం లేకుండానో, స్వల్ప వైకల్యంతోనో ఉండే అవకాశం కనీసం 30 శాతం ఎక్కువగా ఉంది. 2008లో ఐరోపాలో జరిగిన పరిశోధన తరువాత గడువును నాలుగున్నర గంటలకు పెంచారు. ఇప్పుడు టెనెక్టిప్లేస్ అనే మందును ఒకే సూదిగా ఇస్తున్నారు. గంటసేపు ఎక్కించే అవసరం లేకపోవడంతో రోగిని పెద్ద ఆసుపత్రికి తరలించడం తేలికవుతుంది.

ఈ మందుకు ప్రమాదమూ ఉంది. 1995 నాటి పరిశోధనలో మందు తీసుకొన్నవారిలో 6.4 శాతం మందికి మెదడులో రక్తస్రావమై పరిస్థితి దిగజారింది. తీసుకోనివారిలో అది 0.6 శాతం. అయినా మొత్తంమీద లాభమే ఎక్కువ. డాక్టరు సమ్మతి పత్రం తెచ్చినప్పుడు ఇంటివారిని భయపెట్టేది ఈ అంకెలే. 'మామయ్య రావాలి, ఆయన్ను అడిగి చెబుతాం' అని గంట గడిపితే మందు వల్ల వచ్చే లాభం తగ్గుతుంది. ఈ అంకెలు ముందే తెలిసినవారు ఆ క్షణంలో త్వరగా నిర్ణయం తీసుకోగలరు.

రక్తపోటు 185/110 కంటే ఎక్కువగా ఉంటే తగ్గించాకే మందు ఇస్తారు. ఇటీవల పెద్ద ఆపరేషన్ అయినవారికి, గతంలో మెదడులో రక్తస్రావం జరిగినవారికి, రక్తం పలచబడే కొన్ని మందులు వాడుతున్నవారికి సాధారణంగా ఇవ్వరు.

14.4.2 గడ్డను బయటకు తీయడం

పెద్ద నాళంలోని పెద్ద గడ్డను మందు పూర్తిగా కరిగించలేకపోవచ్చు. అప్పుడు తొడ మొదట్లోని ధమని గుండా సన్నని గొట్టాన్ని మెదడు నాళం వరకు పంపి, వల వంటి పరికరంతోనో, పీల్చివేసే పద్ధతితోనో గడ్డను బయటకు లాగుతారు. దీన్ని థ్రాంబెక్టమీ అంటారు. 2015లో వెలువడిన ఐదు పరిశోధనలు దీని విలువను స్థాపించాయి. వాటిని కలిపి చూసినప్పుడు, సుమారు ముగ్గురికి ఈ చికిత్స చేస్తే వారిలో ఒకరికి వైకల్యం కనీసం ఒక మెట్టు తగ్గుతుందని తేలింది. మొదట 6 గంటలుగా ఉన్న గడువు, 2018లో ప్రచురితమైన పరిశోధనల తరువాత స్కాన్‌లో కాపాడుకోగల భాగం మిగిలి ఉందని తేలినవారికి 24 గంటల వరకు పెరిగింది.

అందువల్ల నాలుగున్నర గంటలు దాటాయని ఇంట్లో కూర్చోకూడదు. అలాగని 24 గంటలున్నాయని తీరిగ్గా బయలుదేరనూకూడదు. ఆ గడువు ఎంపిక చేసిన కొందరికే. ఈ చికిత్స చేసే కేంద్రాలు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నాయి. దగ్గరి ఆసుపత్రిలో స్కాన్ తీసి మందు మొదలుపెట్టి, వెంటనే పెద్ద కేంద్రానికి పంపడం మన జిల్లాలకు అనువైన పద్ధతి.

14.4.3 రక్తస్రావానికి చికిత్స

రక్తస్రావం ఉంటే పెరిగిన పై బి.పి.ని గంటల్లోనే సుమారు 140కి తగ్గిస్తారు. రక్తం పలచబడే మందు వాడుతుంటే దానికి విరుగుడు ఇస్తారు. వెనుక మెదడులో పెద్ద రక్తపు ముద్ద ఉంటే, ప్రాణం కాపాడడానికి ఆపరేషన్ అవసరం కావచ్చు. బుడగ పగిలిన వారిలో దాన్ని క్లిప్పుతోనో, లోపలినుంచి తీగచుట్టతోనో మూసివేస్తారు. ఇక్కడ కూడా మొదటి గంటలే కీలకం. ఆ సమయంలోనే రక్తపు ముద్ద పెరుగుతుంది.

14.4.4 వార్డు సంరక్షణ, పునరావాసం

గడువు దాటి వచ్చిన రోగికి ఇక చేసేదేమీ లేదనుకోవడం సరికాదు. శిక్షణ పొందిన సిబ్బంది ఉన్న ప్రత్యేక స్ట్రోక్ వార్డులో ఉంచినంత మాత్రాన మరణాలు, వైకల్యం తగ్గుతాయి. అక్కడ చేసేవి చిన్న పనులే. మింగగలడో లేదో పరీక్షించాకే నోటికి ఆహారం ఇస్తారు. జ్వరం, చక్కెర అదుపులో ఉంచుతారు. పడక పుండ్లు పడకుండా తరచుగా పక్కకు తిప్పుతారు. కాళ్ళ సిరల్లో గడ్డలు కట్టకుండా చూస్తారు.

పునరావాసం రోగి స్థిమితపడగానే ఆసుపత్రిలోనే మొదలవ్వాలి. మెదడులో బతికున్న భాగాలు కొత్త దారులు ఏర్పరచుకొని పోయిన పనిని కొంత నేర్చుకోగలవు. కాని పదేపదే చేసే అభ్యాసం వల్లనే అది సాధ్యం. కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది, ఆపైన కూడా మెల్లగా సాగుతుంది. ఫిజియోథెరపీ, మాటకు శిక్షణ, సొంత పనులు చేసుకొనే శిక్షణ ఇవ్వాలి. ఇంటివారు ప్రేమకొద్దీ అన్నం తినిపించడం, చొక్కా తొడగడం చేస్తుంటారు. రోగి చేయగలిగిన పనిని అతనిచేతనే చేయించడం ఎక్కువ మేలు. ఇంకొక విషయం: స్ట్రోక్ తరువాత చాలామందికి దిగులు జబ్బు వస్తుంది. రోగి మాట్లాడకపోతే మొండితనం అనుకోకుండా డాక్టరుకు చెప్పాలి.

14.5 నివారణ

మన దేశంతో సహా 32 దేశాల్లో జరిగి 2016లో వెలువడిన ఇంటర్‌స్ట్రోక్ అధ్యయనం ప్రకారం, మార్చుకోగల పది కారణాలే సుమారు 90 శాతం స్ట్రోక్‌లకు మూలం. వాటిలో అన్నిటికంటే పెద్దది అధిక రక్తపోటు.

రక్తపోటు: దీనికి లక్షణాలు ఉండవు. తలనొప్పి లేదు కాబట్టి బి.పి. లేదనుకోవడం తప్పు. 30 ఏళ్ళు దాటినవారు ఏడాదికి ఒకసారైనా చూపించుకోవాలి. ఐదు నిమిషాలు కూర్చొన్న తరువాత, చేయిని గుండె ఎత్తులో ఆనించి కొలవాలి. వేర్వేరు రోజుల్లో 140/90 లేదా అంతకు మించితే అధిక రక్తపోటు. పై అంకెను 10 తగ్గిస్తే స్ట్రోక్ ప్రమాదం సుమారు నాలుగో వంతు తగ్గుతుంది. మనవాళ్ళలో తరచుగా జరిగే పొరపాటు, బిళ్ళలు వాడాక బి.పి. మామూలుకు రాగానే వాటిని మానేయడం. బిళ్ళ వాడుతున్నందువల్లే అది మామూలుగా ఉంది. మానితే వారాల్లో మళ్ళీ పెరుగుతుంది.

ఉప్పు: ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములకు లోపు, అంటే ఒక చెంచాకు మించకుండా, తినమంటుంది. మన ఇళ్ళలో కూరలో వేసే ఉప్పు ఒకటే లెక్క కాదు. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు, మజ్జిగలో వేసే ఉప్పు అన్నీ కలపాలి. పచ్చడి పూర్తిగా మానలేకపోతే రోజూ వేసుకొనే ముద్దను చిన్నది చేయడంతో మొదలుపెట్టవచ్చు.

పొగాకు, మద్యం: బీడీ, సిగరెట్టు, చుట్ట ఏదైనా నాళం గోడను దెబ్బతీస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలోని అడ్డచుట్ట అలవాటు నోటి క్యాన్సరుతో ముడిపడి తెలిసినా, దాని పొగ రక్తనాళాలకూ చేటే. అధికంగా మద్యం తాగడం రక్తపోటును పెంచుతుంది.

మధుమేహం, కొలెస్టరాల్, శ్రమ: చక్కెరను, కొలెస్టరాల్‌ను అదుపులో ఉంచుకోవాలి. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలి.

గుండె లయ తప్పడం: ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే స్థితిలో గుండె పైగది వణుకుతుంది కాని సరిగా ముడుచుకోదు. అక్కడ రక్తం నిలిచి గడ్డ కడుతుంది. స్ట్రోక్ ప్రమాదం సుమారు ఐదు రెట్లవుతుంది. మణికట్టు దగ్గర నాడి క్రమం తప్పి కొట్టుకొంటుంటే ఇ.సి.జి. తీయించాలి. రక్తం గడ్డకట్టనివ్వని మందులు ఈ ప్రమాదాన్ని దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిస్తాయి. చిన్నతనంలో కీళ్ళవాతం జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడినవారికి తక్కువ వయసులోనే ఇలా జరగవచ్చు.

తాత్కాలిక స్ట్రోక్: పది నిమిషాలు చేయి పడిపోయి మళ్ళీ వచ్చిందంటే అది గండం గడవడం కాదు, ముందస్తు హెచ్చరిక. అసలు స్ట్రోక్ వచ్చే ప్రమాదం మొదటి రెండు రోజుల్లో అత్యధికం. అదే రోజు పరీక్ష చేయించుకొని మందులు మొదలుపెడితే చాలా స్ట్రోక్‌లను ఆపవచ్చు. అలాంటివారికి కొద్దివారాలపాటు రెండు రకాల మందులు కలిపి, తరువాత ఒకటి ఇస్తారు. మెడలోని కెరోటిడ్ ధమని 70 శాతానికి మించి సన్నబడితే ఆపరేషన్ వల్ల మేలు జరుగుతుంది.

స్ట్రోక్ ఒకసారి వచ్చినవారికి మళ్ళీ వచ్చే ప్రమాదం ఎక్కువ. పూడిక రకం వచ్చినవారు డాక్టరు రాసిన ఆస్పిరిన్ వంటి మందును, స్టాటిన్‌ను, బి.పి. బిళ్ళలను కాలు చేయి తిరిగి వచ్చినా మానకూడదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – III
5. గడువు దాటి వచ్చిన రోగికి ఆసుపత్రిలో దొరికే ప్రయోజనాలు రెండు చెప్పండి.
6. తాత్కాలిక స్ట్రోక్‌ను ఎందుకు అత్యవసరంగా భావించాలి?

14.6 సారాంశం

పక్షవాతం మెదడు రక్తనాళాల వ్యాధి. నాళం పూడుకోవడం వల్లగానీ, చిట్లడం వల్లగానీ వస్తుంది. రెండింటి లక్షణాలు ఒకేలా ఉన్నా చికిత్సలు విరుద్ధం కాబట్టి సి.టి. స్కాన్ తప్పనిసరి. పూడిక చుట్టూ ఉన్న పెనంబ్రా కొంతకాలమే బతికి ఉంటుంది. దాన్ని కాపాడడానికి నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే మందు, 6 గంటల్లోపు, ఎంపిక చేసిన వారిలో 24 గంటల వరకు, గడ్డను బయటకు తీసే చికిత్స ఉన్నాయి. సమయాన్ని రోగి చివరిసారి మామూలుగా ఉన్నప్పటినుంచి లెక్కించాలి. రక్తపోటు అదుపు నివారణలో మొదటి మెట్టు.

14.7 ముఖ్య పదాలు

ఇస్కీమిక్ స్ట్రోక్: రక్తనాళం పూడుకోవడం వల్ల వచ్చే స్ట్రోక్.
హెమరేజిక్ స్ట్రోక్: రక్తనాళం చిట్లడం వల్ల వచ్చే స్ట్రోక్.
పెనంబ్రా: పని ఆగినా ఇంకా బతికి ఉన్న మెదడు భాగం.
థ్రాంబెక్టమీ: గొట్టం ద్వారా నాళంలోని గడ్డను బయటకు తీయడం.
ఏట్రియల్ ఫిబ్రిలేషన్: గుండె పైగదుల లయ తప్పడం.

14.8 'మీ ప్రగతిని సమీక్షించుకోండి' – సమాధానాలు

1. రక్తం తగ్గడం వల్ల పని ఆగిపోయినా, చుట్టుపక్కల నాళాలనుంచి అందే కొద్దిపాటి రక్తంతో బతికి ఉండి, సకాలంలో కాపాడుకోగల మెదడు భాగం.
2. మెదడు ఎడమభాగం కుడిపక్కను నడిపిస్తుంది. చాలామందిలో మాట కేంద్రాలూ అక్కడే ఉంటాయి.
3. వచ్చింది రక్తస్రావం రకమైతే ఆస్పిరిన్ హాని చేయవచ్చు. మింగే శక్తి లేకపోతే బిళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.
4. చివరిసారి మామూలుగా ఉన్నది 1.00కి. కాబట్టి గడువు సాయంత్రం 5.30 వరకు. 2.30నుంచి లెక్కించి 7.00 అని రాస్తే తప్పు.
5. స్ట్రోక్ వార్డు సంరక్షణ వల్ల మరణాలు, వైకల్యం తగ్గుతాయి. పునరావాసం త్వరగా మొదలవుతుంది.
6. అసలు స్ట్రోక్ వచ్చే ప్రమాదం తరువాతి రెండు రోజుల్లో అత్యధికం కాబట్టి, వెంటనే చికిత్స చేస్తే దాన్ని చాలావరకు ఆపగలం కాబట్టి.

14.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. స్ట్రోక్ రకాలను వివరించి, చికిత్సకు ముందు సి.టి. స్కాన్ ఎందుకు తప్పనిసరో తెలపండి.
2. స్ట్రోక్ నివారణలో రక్తపోటు అదుపునకు గల ప్రాధాన్యాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఇంటివద్ద స్ట్రోక్‌ను గుర్తించే పద్ధతి
2. గడ్డ కరిగించే మందు – లాభనష్టాలు
3. మీ ఊరినుంచి సి.టి. స్కాన్ రాత్రీపగలూ పనిచేసే ఆసుపత్రికి చేరడానికి ఎంత సమయం పడుతుందో కనుక్కొని, ఆలస్యం జరగగల చోట్లను, వాటిని తగ్గించే మార్గాలను రాయండి.